పెడల్ స్టీల్ గిటార్‌కు మనిషెందుకు?

వాయించేవాళ్ల కాలం చెల్లిపోయింది. ఈ మాట అనడానికి నాకేమీ సంకోచం లేదు. ఇరవై ఏడేళ్లుగా బడిలో లెక్కలు చెబుతున్నవాణ్ణి, రుజువు లేనిదే నోరు విప్పను. సంగీతానికి ఇంతకాలం పట్టిన చీడ ఏదైనా ఉందంటే, అది దాన్ని వాయించే మనిషే!

మీరే ఆలోచించండి. మనిషి ఆలస్యంగా వస్తాడు. వచ్చాక శ్రుతి చేసుకుంటాడు. శ్రుతి కుదిరాక టీ అడుగుతాడు. టీ తాగేసరికి శ్రుతి పోతుంది. ఒక్క పాటకి ఇన్ని తిప్పలా? అదే సాఫ్ట్‌వేర్ వాద్యం అనుకోండి. మీట నొక్కితే మోగుతుంది, ఇంకోసారి నొక్కితే ఊరుకుంటుంది. మీ ఇంట్లో ఇంకెవరైనా ఇంత చక్కగా మాట వింటున్నారా?

అందులోనూ పెడల్ స్టీల్ గిటార్ విషయంలో కంప్యూటరు చేసిన మేలు ఇంతా అంతా కాదు.

ఆ వాద్యాన్ని చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. పేరులో గిటార్ ఉంది కదా అని ఒళ్లో పెట్టుకునేదనుకోకండి. అదొక నాలుగు కాళ్ల బల్ల. బల్ల మీద పది తీగలు. వాయించేవాళ్లు దాని ముందు కుర్చీ వేసుకుని ఆఫీసులో గుమస్తాలా కూర్చుంటారు. ఎడమ చేత్తో నున్నటి ఉక్కు కడ్డీ ఒకటి తీగల మీద జరుపుతారు. కుడి చేతి వేళ్లకి తొడుగులు పెట్టుకుని మీటుతారు. ఎడమ పాదం దగ్గర మూడు పెడల్స్. ఒకటి తొక్కితే ఒకటో రెండో తీగల శ్రుతి మారుతుంది, మిగతావి ఎక్కడివక్కడే ఉంటాయి. మోకాళ్లకి అటూ ఇటూ మీటలు. కుడి పాదం కింద ఇంకో పెడల్, శబ్దం పెంచడానికీ తగ్గించడానికీ. రెండు చేతులు, రెండు పాదాలు, రెండు మోకాళ్లు, అన్నీ ఒకేసారి పనిలో! ఖాళీగా ఉండేది నోరొక్కటే. మా ఇంట్లో అదీ ఖాళీగా ఉండేది కాదు.

అవును, మా ఇంట్లో ఒకటుంది. భోజనాల బల్ల ఉండవలసిన గదిలో ఉంది. దాన్ని వాయించింది మా ఆవిడ.

మా ఆవిడ కర్టెన్లు కుట్టే షాపులో టైలరు. అక్కడి పెద్ద మిషన్లకి కింద పెడల్ ఉంటుంది. గుడ్డని అదిమిపట్టే ముక్కని పైకెత్తడానికి మోకాలి దగ్గర ఇంకో మీట ఉంటుంది. ఒకసారి ఏదో హోటల్ హాలుకి కర్టెన్లు బిగించడానికి వెళ్లింది. అక్కడ ఒక ముసలాయన ఈ వాద్యం వాయిస్తుంటే నిచ్చెన మీద అలాగే నిలబడిపోయిందట. ఆవిడ విన్నది పాట కాదట, చూసింది ఆయన మోకాలు. “ఈ పని నాకు వచ్చు కదా!” అనుకుందట. ఆయనకి చేతులు వణకడం మొదలయ్యాక వాద్యం మా ఇంటికి వచ్చింది. పందొమ్మిదేళ్లు మోగింది.

ఇప్పుడు నా బాధ వినండి. గోడకి ఇవతల నా బల్ల, బల్ల మీద పరీక్ష పేపర్లు. గోడకి అవతల ఆ వాద్యం. అందులో ఏ స్వరమూ తిన్నగా రాదు. కింద ఎక్కడో బయల్దేరి, దారిలో అందరినీ పలకరించుకుంటూ, తీరుబడిగా వస్తుంది. లెక్కల మనిషి దీన్ని ఎలా సహిస్తాడు? రెండు బిందువుల మధ్య దగ్గరి దారి సరళరేఖ కదా!

“తలుపు వేసుకోవోయ్!” అని అరిచేవాణ్ణి.

“వేసే ఉంది మాస్టారూ.”

“అయితే గోడ కట్టుకో!”

“అదీ ఉంది. దానికి ఇవతల నేనున్నాను, అవతల మీరున్నారు. ఇంకెక్కడ కట్టమంటారు?”

భార్య భర్తని మాస్టారూ అని పిలవడంలో ఎంత మర్యాద ఉందో, ఎంత వెటకారం ఉందో నేను ఏనాడూ విడదీయలేకపోయాను. మాటలు దండగ అని కొన్నాళ్లకి అరవడం మానేశాను.

ఆ బాధ ఇప్పుడు లేదు. మా ఆవిడ పోయి ఏడాదీ తొమ్మిది రోజులైంది. ఈ వాక్యంలో దిద్దవలసిందేమీ లేదు కనుక ముందుకు వెళ్దాం.

శనివారం సాయంత్రాల్లో ఆవిడ అదే హోటల్ హాల్లో ఒక జట్టుతో కలిసి వాయించేది. పాడేవాడు మెకానిక్. బేస్ గిటార్ పోస్ట్‌మన్‌ది. డ్రమ్స్ పళ్ల డాక్టరువి. రోగులు చెప్పలేని బాధంతా ఆయన డ్రమ్స్ చెబుతాయని మా ఆవిడ అనేది. నేను ఒక్క శనివారమైనా వెళ్లలేదు. పేపర్లుండేవి.

రెండు నెలల క్రితం మెకానిక్ మా ఇంటికి వచ్చాడు. చేతులు శుభ్రంగానే ఉన్నా, గుమ్మంలో నిలబడి తుడుచుకుంటూనే ఉన్నాడు.

“మాస్టారూ, వచ్చే నెలకి అక్క పోయి ఏడాది. ఆ శనివారం హాల్లో అక్క కట్టిన ట్యూన్ వాయిద్దామనుకుంటున్నాం. ఆ కుర్చీలో ఇంకొకళ్లని కూర్చోబెట్టడానికి మాకు మనసొప్పట్లేదు. అక్క వాయించిన రికార్డు ఏమైనా ఉందా? దాన్ని స్పీకర్లో పెట్టి మేం కూడా వాయిస్తాం.”

ఉంది. ఒకే ఒక్కటి. ప్రాక్టీసు చేసుకుంటూ ఆవిడే తన ఫోన్‌లో తీసుకున్నది. మూడు నిమిషాల నలభై సెకన్లు.

“ఇస్తాను,” అన్నాను. ఉన్నదున్నట్టు ఇచ్చి ఊరుకుని ఉంటే ఈ వ్యాసమే లేదు. కానీ పాఠకులారా, దిద్దకుండా పేపరు తిరిగిచ్చిన చరిత్ర నాకు లేదు!

మా అమ్మాయి ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. రోజంతా జనానికి “ఊపిరి బిగబట్టండి… వదలండి” అని చెప్పి సాయంత్రం ఇంటికొస్తుంది. సంగీతపు సాఫ్ట్‌వేర్ ఒకటి తనే నా కంప్యూటర్లో ఎక్కించి, ఎలా వాడాలో చూపించింది. అహా, ఏం సాఫ్ట్‌వేర్ అది! పాటని గ్రాఫులా పరుస్తుంది. గీత మీద ఉన్న స్వరాలు ఆకుపచ్చగా, గీత తప్పినవి ఎర్రగా కనిపిస్తాయి. ఎరుపు! నా రంగు!

మా ఆవిడ పాటంతా ఎరుపే.

‘సరిచెయ్యి’ అని ఒక బటన్ ఉంది. నొక్కాను. కిందనుంచి పాక్కుంటూ వచ్చే స్వరాలన్నీ లేచి గీత మీద నిలబడ్డాయి. ఆలస్యంగా వచ్చేవి వేళకి వచ్చాయి. ‘అనవసరపు శబ్దాలు తొలగించు’ అని ఇంకో బటన్. అదీ నొక్కాను. మూడో పెడల్ కిర్రు పోయింది. కుర్చీ చప్పుడు పోయింది. పాట ఆఖరికి వస్తుండగా టక్ టక్‌మని ఏదో వినిపించింది, ఏమిటో తెలియలేదు. అదీ పోయింది. చివర్లో ‘భద్రపరచు’ నొక్కాను.

ఎక్కడ భద్రపరిచానంటారా? పాత రికార్డింగు మీదే. తప్పు ఏ కాగితం మీద జరిగిందో ఆ కాగితం మీదే దిద్దాలన్నది నా సిద్ధాంతం. ఫోన్‌లో ఉన్నది అప్పటికే చెరిపేశాను. దిద్దిన పేపరూ దిద్దని పేపరూ ఒకే కట్టలో ఉంచకూడదు కదా!

పట్టుకెళ్లి మెకానిక్ షెడ్డులో వినిపించాను. ముగ్గురూ నిలబడే విన్నారు.

“బాగుంది మాస్టారూ,” అన్నాడు మెకానిక్. “మరీ బాగుంది. కానీ ఇది అక్క కాదు.”

“అక్షరాలా ఆవిడే! తప్పులు తీసేశానంతే.”

పోస్ట్‌మన్ మెల్లిగా అన్నాడు: “అడ్రసు రైటే మాస్టారూ. మనిషే లేరు.”

ఆ సాయంత్రం మా అమ్మాయి అడిగింది, “పాతది ఎక్కడుంది నాన్నా?”

“దిద్దాను కదమ్మా.”

“అది కాదు. పాతది ఎక్కడుంది?”

మూడోసారి అడగలేదు. లేచి వెళ్లి వాళ్లమ్మ వాద్యం మీద కప్పిన గుడ్డ సర్దింది. అది సరిగ్గానే ఉంది.

ఇలాంటప్పుడు మామూలు మనిషైతే ఏం చేస్తాడు? తల పట్టుకుని కూర్చుంటాడు. నేను అలా కాదు, నాకు సాఫ్ట్‌వేర్ ఉంది! ఆవిడ వాయించినట్టే కంప్యూటరు చేత మళ్లీ వాయింపిస్తానని మెకానిక్‌కి కబురు పెట్టాను. ఇరవై ఏడేళ్లు తప్పులు దిద్దినవాడికి, తీసేసిన తప్పుల్ని మళ్లీ పెట్టడం ఒక లెక్కా?

పెడల్ స్టీల్ సాఫ్ట్‌వేర్ దొరికింది. ఎవరో మహానుభావుడు అసలు వాద్యం మీద ఒక్కొక్క స్వరం వాయించి, రికార్డు చేసి అందులో నింపాడు. మీట నొక్కాను. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టు తలుపు తెరుచుకునే ముందు టింగుమని వినిపిస్తుందే, అలా వచ్చింది. ఎంత శుభ్రం!

స్వరాన్ని సాగదీయడానికి ఒక చక్రం ఉంటుంది. తిప్పితే అన్ని స్వరాలూ కలిసికట్టుగా వంగాయి, ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు తరగతి మొత్తం లేచి నిలబడ్డట్టు. కానీ పెడల్ స్టీల్‌లో అలా కాదు. ముగ్గురు కూర్చునే ఉంటారు, వెనక బెంచీలో ఒక్కడు మెల్లగా లేస్తాడు. అందులోనే ఉంది దాని అందమంతా. అందుకని తీగకొక ట్రాకు చొప్పున పది ట్రాకులు చేసి, ఒక్కో తీగనీ విడివిడిగా వంచాను. ఒక తరగతిని పది సెక్షన్లు చేసిన ఘనత ఏ హెడ్‌మాస్టరుకైనా ఉందా?

ఆ వారంలోనే పక్కింటి రిటైర్డ్ నర్సు తలుపు కొట్టింది. “మాస్టారూ, లోపల ఎవరికైనా ఆయాసంగా ఉందా? గంటనుంచి వింటున్నాను.”

తరవాత కుడి పాదం సంగతి. తీగ మీటిన చప్పుడు వినపడకుండా పాదంతో శబ్దాన్ని అణిచి, మీటాక మెల్లగా వదులుతారు. అప్పుడు స్వరం తలుపు తీసుకుని లోపలికి వచ్చినట్టుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో దానికి వక్రరేఖ గీయాలి. ముందు గ్రాఫు కాగితం మీద గీసుకుని, తరవాత కంప్యూటర్లో గీశాను. నలభై ఆరు కాగితాలు పట్టాయి. ఆవిడ పాదం ఒక సాయంత్రం అలవోకగా చేసిన పని అది.

మూడో పెడల్ కిర్రు మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. అసలు వాద్యం ముందు నేల మీద మోకాళ్లూని, చేత్తో పెడల్ నొక్కుతూ రికార్డు చేశాను. ముప్ఫయ్యొక్కసార్లు. పాదం జారకుండా పెడల్ మీద కర్టెన్ గుడ్డ ముక్క ఒకటి అతికించి ఉంది. నీలం మీద తెల్ల చారలు. బొటనవేలు ఆనే చోట చారలు అరిగిపోయాయి.

“ఏం చేస్తున్నావు నాన్నా?” గుమ్మంలోంచి మా అమ్మాయి.

“తప్పు రికార్డు చేస్తున్నాను. చప్పుడు చెయ్యకు.”

ఇంతకీ ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా గొప్పది ‘మానవత్వం’ అనే మీట. నిజంగానే ఉంది! సున్నానుంచి నూరుదాకా. జరిపిన కొద్దీ స్వరాలు అక్కడక్కడా తడబడతాయి, మనిషి వాయించినట్టుంటుందని. మనిషితనాన్ని శాతాల్లో పెంచుకునే అవకాశం నాకు జీవితంలో ఇదే మొదటిసారి. పన్నెండు దగ్గర పరవాలేదనిపించింది. నలభై దగ్గర తాగినట్టుంది. నూరు దగ్గర మా బడి వార్షికోత్సవంలా ఉంది.

చివరికి ఆ మీటని సున్నా దగ్గర పెట్టేసి, ఒక్కొక్క తప్పునీ నా చేత్తోనే పెట్టాను. ఏ స్వరం ఎంత కిందనుంచి వస్తుంది, ఏది ఎంత ఆలస్యంగా వణుకుతుంది, రెండోసారి పల్లవిలో ఏ తీగ మీద కడ్డీ కాస్త జారుతుంది, అన్నీ గుర్తున్నాయి. ఎక్కడా రాసుకోలేదు. పేపర్లు దిద్దుతూ వినలేదని నేననుకున్న పందొమ్మిదేళ్లూ, చూడబోతే, నేను విన్నట్టే ఉంది.

మళ్లీ షెడ్డుకి వెళ్లాను. ఈసారి మెకానిక్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సగం అయ్యేసరికి రెంచీ కింద పెట్టాడు. అంతా అయ్యాక పళ్ల డాక్టరు వైపు చూశాడు. డాక్టరు పోస్ట్‌మన్ వైపు చూశాడు.

“అక్క గుమ్మందాకా వచ్చింది మాస్టారూ,” అన్నాడు మెకానిక్. “లోపలికి రాలేదు. ఆ ఆగడం లేదు.”

“ఏ ఆగడం?”

“అదేనండీ, ఆఖర్లో ఆ పై స్వరం ఉంది కదా. దానికి ముందు అక్క మొత్తం ఆపేసేది. ఏదో వింటున్నట్టు ఉండేది. తరవాత చాలా మెల్లగా ఆ స్వరం వేసేది. మేమంతా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం.”

“ఎంతసేపు ఆగేది?” పెన్ను తీశాను.

“ఒక గుటక వేసేంత,” అన్నాడు మెకానిక్.

“కాదు, బెల్లు కొట్టి లోపల ఎవరైనా ఉన్నారా అని చూసేంత,” అన్నాడు పోస్ట్‌మన్.

“ఇంజెక్షన్ ఇచ్చి, మొద్దుబారిందా అని అడిగేంత,” అన్నాడు డాక్టరు.

కొలమానాలు ఇలా ఉంటే లెక్క తేలుతుందా? “ఎక్కడ నేర్చుకుంది అది?” అని అడిగాను.

“నేర్పితే వచ్చేది కాదు మాస్టారూ,” అన్నాడు డాక్టరు. “అదే ఆవిడ స్టైల్. మహా కళాకారులకే వస్తుంది అలాంటిది.”

ఇంటికొచ్చి అర సెకను పెట్టి చూశాను. ముప్పావు పెట్టాను. ఒకటింబావు పెట్టాను. అన్నీ తప్పే. మా అమ్మాయిని పిలిచి, “అమ్మ ఇక్కడ ఆగేదట. ఎందుకో ఏమైనా తెలుసా?” అని అడిగాను.



“నిజంగా తెలీదా నాన్నా?”

“తెలిస్తే అడుగుతానా?”

నా బల్ల మీది ఎర్ర పెన్ను తీసుకుని గోడ మీద రెండుసార్లు కొట్టింది. టక్ టక్.

“నువ్వే. ఆ పై స్వరం గట్టిగా వస్తుందని సరిగ్గా అక్కడికి రాగానే గోడ కొట్టేవాడివి. నువ్వు కొట్టేదాకా అమ్మ ఆగేది. కొట్టాక మెల్లగా వాయించేది.”

“రోజూనా?”

“రోజూ. హాల్లో నువ్వు లేకపోయినా ఆగేది. అలవాటైపోయింది పాపం.”

అరవడం మానేసి ఏం మొదలుపెట్టానో అప్పుడు గుర్తొచ్చింది. గోడ మీద ఎర్ర చుక్కలున్నాయి, నా భుజమంత ఎత్తులో, గుప్పెడంత మేర. సున్నం రాలి లోపలి ఇటుక కనిపిస్తోందని ఇంతకాలం అనుకున్నాను.

శనివారం వచ్చింది. నేను మొదటిసారి ఆ హాల్లో కూర్చున్నాను. కర్టెన్లు నీలం, తెల్ల చారలు. వేదిక మీద ఆవిడ వాద్యం, దాని ముందు ఖాళీ కుర్చీ. పక్కన కంప్యూటర్‌తో మా అమ్మాయి. ఆ ఆగే చోట ట్రాకుని ఆపేసి, పై స్వరాన్ని విడిగా ఒక మీటకి పెట్టాం.

“ఎంతసేపు ఆగాలి నాన్నా?” అని బయల్దేరే ముందు అడిగింది.

“తెలియదు,” అన్నాను. ఏ విద్యార్థి ముందూ ఈ మాట అనలేదు నేను. “అక్కడికి వచ్చాక నా వైపు చూడు.”

ట్యూన్ మొదలైంది. స్వరాలు తీరుబడిగా, దారిలో అందరినీ పలకరించుకుంటూ వచ్చాయి. మూడో పెడల్ కిర్రుమంది. పోస్ట్‌మన్ కళ్లు మూసుకున్నాడు. ఆఖరికి ఆ చోటు వచ్చింది. అంతా ఆగింది.

డాక్టరు కర్ర గాలిలో ఉంది. మెకానిక్ నోరు సగం తెరిచి ఉంది. మా అమ్మాయి నా వైపు చూస్తోంది, ఎక్స్‌రే గదిలో చూసినట్టు.

నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. పెన్ను దొరికింది. ముందు కుర్చీ వీపు చెక్కది.

కొట్టలేదు.

ఎంతసేపు కొట్టలేదో నాకు తెలియదు. చివరికి మా అమ్మాయి నా సైగ కోసం చూడడం మానేసి, మీట నొక్కింది. స్వరం వచ్చింది. మెల్లగా కాదు, నిండుగా, పైకప్పుదాకా. దాన్ని తగ్గించమని నేను గీసిన వక్రరేఖని ఎప్పుడు చెరిపేసిందో నాతో చెప్పలేదు.

పందొమ్మిదేళ్లు పక్క గదిలో కాపురముండి, ఆ స్వరం గట్టిగా ఎలా ఉంటుందో నేను వినలేదు. ఆ రోజే విన్నాను. వాయించింది కంప్యూటరు.

అయిపోయాక మెకానిక్ వేదిక దిగి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. “అక్క వచ్చేసింది మాస్టారూ! ఆ ఆగడం ఎలా పట్టుకున్నారు?”

“అందులో ఒక బటన్ ఉంటుంది,” అన్నాను.

కాబట్టి పాఠకులారా, నా మాటకి నేను కట్టుబడే ఉన్నాను. సాఫ్ట్‌వేర్ గొప్పది. మనిషికన్నా చాలా గొప్పది. మూడు నిమిషాల నలభై సెకన్ల పాట ఒక్కసారి విని, అందులో అనవసరపు శబ్దం ఏదో మొదటి రోజే కనిపెట్టి తీసేసింది. టక్ టక్.

అదే లెక్క చేయడానికి నాకు ఇరవయ్యేళ్లు పట్టింది.